హైదరాబాద్ నుంచి విమాన దూరాలు, ప్రయాణ సమయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శంషాబాద్ నుంచి ఫలానా ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? అడగడానికి చిన్న ప్రశ్నే. జవాబులు మాత్రం పొంతన లేకుండా వస్తాయి. యాప్‌లో ఒక అంకె, టికెట్ మీద మరో అంకె, విమానం ఎక్కాక పైలట్ చెప్పేది ఇంకో అంకె. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కోటి ఒక్కో చోట మొదలై ఒక్కో చోట ఆగే కొలత, అంతే. పదే పదే వచ్చే సందేహాలను ప్రయాణం జరిగే వరుసలో ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్లవచ్చు. దూరాలన్నీ సుమారు లెక్కలు.

## టికెట్ కొనకముందు: దూరం

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో 1,650 కి.మీ. పైనే కదా, విమానంలో 1,260 అంటారేంటి?

రైలు పట్టాలు ఊళ్లను కలుపుకుంటూ వెళ్తాయి. విమాన దూరాన్ని రెండు ఎయిర్‌పోర్టుల మధ్య భూగోళం మీద గీసిన అతి దగ్గర గీతతో కొలుస్తారు. శంషాబాద్ నుంచి ఢిల్లీ ఇందిరాగాంధీ ఎయిర్‌పోర్టుకు ఆ గీత నాగ్‌పూర్‌కు పడమరగా, భోపాల్‌కు తూర్పుగా దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. దాని పొడవు 1,260 కి.మీ. విమానం నిజంగా ఎగిరే దూరం ఇంకాస్త ఎక్కువే. టేకాఫ్ తర్వాత తిరగాలి, నిర్దేశించిన వాయుమార్గం పట్టుకోవాలి, దిగేముందు వరుసలోకి రావాలి. వీటన్నిటికీ కొన్ని పదుల కిలోమీటర్లు కలుస్తాయి.

మన తెలుగు ఊళ్లకు గాల్లో ఎంత దూరం?

శంషాబాద్ నుంచి గన్నవరం (విజయవాడ) 265 కి.మీ., రాజమండ్రి 360, తిరుపతి (రేణిగుంట) 415, విశాఖపట్నం 510. చుట్టుపక్కల పెద్ద నగరాలు చూస్తే బెంగళూరు 455, చెన్నై 505, ముంబై 620, కోల్‌కతా 1,205. విశాఖ, చెన్నై రెండూ గాలిదారిలో దాదాపు ఒకే దూరం అంటే చాలామంది నమ్మరు.

ఒక వెబ్‌సైట్‌లో దూరం మరీ తేడాగా చూపిస్తోంది. ఏది నమ్మాలి?

ముందు ఏ హైదరాబాద్ ఎంచుకున్నారో చూడండి. పాకిస్తాన్ సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, దాని ఎయిర్‌పోర్టు కోడ్ హెచ్‌డీడీ. మనది హెచ్‌వైడీ. బీపీఎం అని కనిపిస్తే అది బేగంపేట. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి.

రెండో కారణం కొలమానం. మామూలు మైలు అంటే 1.609 కి.మీ., విమానయానంలో వాడే నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ. ఢిల్లీ దూరాన్నే ఒకరు 783 అని, మరొకరు 680 అని రాస్తే గాభరా పడక్కర్లేదు. మొదటిది మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు.

ఒకటి రెండు కిలోమీటర్ల తేడా వస్తే పట్టించుకోకండి. కొన్ని సైట్లు భూమిని నిండు గోళంగా లెక్కిస్తాయి, కొన్ని ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న ఆకారంగా లెక్కిస్తాయి. నగరం నడిబొడ్డు నుంచి కొలిచే సైట్లతో మాత్రం జాగ్రత్త. చార్మినార్ నుంచి కొలిస్తే అది ఎయిర్‌పోర్టుల మధ్య దూరం కాదు.

అమెరికా పడమరన ఉంటే, మ్యాప్‌లో గీత రష్యా మీదుగా ఉత్తరానికి ఎందుకు పోతుంది?

గోడ మీది మ్యాప్ చేసే మాయ అది. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిస్తే ఉత్తర ప్రాంతాలు సాగిపోతాయి, అసలైన దగ్గర దారి వంకరగా కనిపిస్తుంది. ఒక గ్లోబు తీసుకుని హైదరాబాద్ దగ్గర దారం పట్టి న్యూయార్క్ దాకా బిగించి లాగి చూడండి. దారం పడమరకు పోదు. ఉత్తరం నుంచి కేవలం 23 డిగ్రీలు పడమరకు ఒరిగి బయలుదేరి, ఆర్కిటిక్ వృత్తాన్ని దాటి అవతలి వైపు దిగుతుంది. ఆ దారం పొడవు దాదాపు 13,000 కి.మీ.

అయితే అన్ని విమానాలూ ఆ దారినే పోలేవు. రష్యా గగనతలం 2022 నుంచి చాలా పాశ్చాత్య విమాన సంస్థలకు మూతపడింది. పాకిస్తాన్ 2025 ఏప్రిల్‌లో తన గగనతలాన్ని భారత విమాన సంస్థలకు మూసేసింది. అందుకే ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక సంస్థ విమానం ఇంకో సంస్థ దాని కంటే ఎక్కువసేపు తీసుకోవచ్చు. లండన్‌కు (7,750 కి.మీ.) దగ్గర దారి వాయవ్యంగా పాకిస్తాన్ మీదుగానే పోతుంది కాబట్టి ఆ తేడా అక్కడా తగులుతుంది.

ఒకే నగరానికి రెండు ఎయిర్‌పోర్టులు కనిపిస్తున్నాయి. దూరంలో పెద్ద తేడా ఉంటుందా?

గాల్లో ఉండదు, నేల మీద చాలా ఉంటుంది. గోవా ఉదాహరణ చూడండి. దబోలిం కోడ్ జీఓఐ, ఉత్తరాన ఉన్న మోపా కోడ్ జీఓఎక్స్. బసేమో దక్షిణ గోవాలో, టికెట్ ఏమో మోపాకి. అలా చేస్తే టికెట్‌లో మిగిలిన డబ్బు టాక్సీకి పోతుంది. ముంబైకి ఇప్పుడు నవీ ముంబై తోడైంది, బ్యాంకాక్‌కు ఎప్పటి నుంచో రెండు ఉన్నాయి. ఊరి పేరు కాదు, మూడక్షరాల కోడ్ చూసి కొనండి.

## టికెట్ కొనేటప్పుడు: సమయం

టికెట్ మీద ఢిల్లీకి 2 గంటల 15 నిమిషాలు. పైలటేమో గంటా 50 నిమిషాలే అంటాడు. ఏది నిజం?

రెండూ నిజమే. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల ఆగి చక్రాలకు అడ్డుకట్టలు పెట్టేదాకా లెక్క. పైలట్ చెప్పేది చక్రాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా. మధ్యలో రన్‌వే దాకా నేల మీద విమానం నడక, వరుసలో ఎదురుచూపు, దిగాక గేటు దాకా మళ్లీ నడక. ఢిల్లీలో దిగాక ఈ నడకే కొన్నిసార్లు పావుగంట దాటుతుంది.

పైగా విమాన సంస్థలు షెడ్యూల్‌లో కొన్ని నిమిషాలు కావాలనే కలుపుతాయి. 20 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిన విమానం సరైన వేళకే చేరిందంటే గాల్లో పరిగెత్తిందని కాదు, ఆ జేబులో దాచుకున్న నిమిషాలు ఖర్చుపెట్టిందని.

దూరం తెలిస్తే సమయాన్ని నేనే లెక్క కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. జెట్ విమానమైతే కిలోమీటర్లను 800తో భాగించి, వచ్చిన గంటలకు 35 నిమిషాలు కలపండి. ముంబై: 620ని 800తో భాగిస్తే 47 నిమిషాలు, 35 కలిపితే గంటా 22 నిమిషాలు. షెడ్యూల్ దాదాపు అంతే ఉంటుంది. దుబాయ్: 2,550 కి.మీ., 3 గంటల 11 నిమిషాలు, 35 కలిపితే 3 గంటల 46 నిమిషాలు.

ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం 35,000 అడుగుల ఎత్తులో గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పోతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు కాబట్టి 800 వేసుకోవడం, నేల మీది కాలానికి, మలుపులకు 35 నిమిషాలు విడిగా కలపడం. ఈ లెక్క ఎదురుగాలిని చూడదు. తూర్పుకు పోయేటప్పుడు కాస్త తక్కువ పట్టవచ్చు. సింగపూర్‌కు (3,300 కి.మీ.) లెక్కలో 4 గంటల 43 నిమిషాలు వస్తుంది, షెడ్యూల్‌లో తరచూ అంతకంటే తక్కువే కనిపిస్తుంది.

విజయవాడ 265 కిలోమీటర్లే కదా, గంట ఎందుకు?

ఈ దారిలో ఎక్కువగా తిరిగేవి రెక్కల మీద పంకాలుండే ఏటీఆర్ 72 విమానాలు. వాటి వేగం గంటకు 500 కి.మీ. చుట్టుపక్కల. వీటికి కిలోమీటర్లను 450తో భాగించి 30 నిమిషాలు కలపాలి, అంటే గంటా 5 నిమిషాలు. జెట్ వేసినా పెద్దగా కలిసిరాదు. అది పూర్తి ఎత్తుకు చేరేలోపే దిగే వేళ అవుతుంది.

దుబాయ్ వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువ. ఎందుకు?

గాలి. చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ మీదుగా ఎత్తులో పడమటి గాలులు బలంగా వీస్తాయి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. అందుకే షెడ్యూల్‌లోనే 20 నుంచి 30 నిమిషాల తేడా పెడతారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద ఎత్తులో తూర్పు గాలులు వీస్తాయి. అప్పుడు ఆ తేడా తగ్గుతుంది. ఢిల్లీ దారి ఉత్తర-దక్షిణం కాబట్టి రానూపోనూ దాదాపు ఒకటే.

ఉదయం 10:00కి ఎక్కి మధ్యాహ్నం 12:20కి దుబాయ్‌లో దిగుతానని ఉంది. రెండు గంటల ఇరవై నిమిషాలేనా?

కాదు, 3 గంటల 50 నిమిషాలు. టికెట్ మీద దిగే సమయం ఎప్పుడూ దిగే ఊరి గడియారం ప్రకారమే. దుబాయ్ మన కంటే గంటన్నర వెనక. కనిపించే తేడాకు ఆ గంటన్నర కలపాలి. తిరిగి వచ్చేటప్పుడు తీసేయాలి. రాత్రి 10:00కి అక్కడ ఎక్కి తెల్లవారుజామున 3:00కి శంషాబాద్‌లో దిగితే, చూపుకు ఐదు గంటలు, ప్రయాణం మూడున్నరే.

సింగపూర్ మన కంటే రెండున్నర గంటలు ముందు. లండన్ చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక. న్యూయార్క్ చలికాలంలో పదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం మారితే, బ్రిటన్‌వి మార్చి చివరి ఆదివారం మారతాయి. ఆ మధ్య రెండు మూడు వారాల్లో కనెక్షన్ విమానం ఉంటే మరోసారి సరిచూసుకోండి.

రాత్రి 12:40కి, 15వ తేదీ అని ఉంది. 14 రాత్రి వెళ్లాలా, 15 రాత్రా?

14 రాత్రి. హైదరాబాద్ నుంచి విమానం తప్పిపోయే వాళ్లలో కొందరు ట్రాఫిక్ వల్ల కాదు, ఈ ఒక్క గందరగోళం వల్లే తప్పిపోతారు. మన మాటల్లో రోజు తెల్లారితేనే మారుతుంది. శుక్రవారం రాత్రి ఒంటిగంట అంటే మనకి ఇంకా శుక్రవారమే. టికెట్‌కు మాత్రం అర్ధరాత్రి 12 దాటగానే శనివారం. విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ఉండటంతో చిక్కు ఇంకా పెరుగుతుంది. 15వ తేదీ 00:40 అని ఉంటే 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఫోన్‌లో అలారం, బుక్ చేసే క్యాబ్ కూడా 14కే పెట్టండి. దిగే సమయం పక్కన +1 అని ఉంటే మర్నాడు దిగుతారని అర్థం.

డైరెక్ట్ అని రాశారు కానీ ప్రయాణం ఐదు గంటలుంది?

డైరెక్ట్ అంటే ఒకే విమాన సంఖ్య, మధ్యలో ఎక్కడో ఆగవచ్చు. ఎక్కడా ఆగకూడదంటే నాన్‌స్టాప్ అని వెతకాలి.

ఢిల్లీలోనో ముంబైలోనో విమానం మారడానికి ఎంత వ్యవధి ఉండాలి?

ఒకే పీఎన్‌ఆర్ మీద కొంటే, కనీస వ్యవధి ఉన్న విమానాలనే సంస్థ అమ్ముతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి దాంట్లో పంపడం వాళ్ల పని. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ పూచీ ఎవరికీ ఉండదు. సామాను తీసుకోవాలి, మళ్లీ కౌంటర్‌లో ఇవ్వాలి, మళ్లీ తనిఖీ. దేశంలోపలి రెండు విమానాల మధ్య అయితే కనీసం మూడు గంటలు, అక్కడి నుంచి విదేశానికైతే ఐదు గంటలు పెట్టుకోవడం మేలు.

టెర్మినల్ కూడా చూడండి. శంషాబాద్‌లో స్వదేశీ, విదేశీ రెండూ ఒకే టెర్మినల్ కాబట్టి మనవాళ్లకు ఈ సంగతి తట్టదు. ఢిల్లీలో విదేశీ విమానాలు టెర్మినల్ 3 నుంచి, మీరు దిగేది టెర్మినల్ 1 కావచ్చు. ముంబైలో 1, 2 టెర్మినళ్ల మధ్య ఊరి రోడ్డు మీద వాహనంలో పోవాలి.

## ఇంటి నుంచి గేటు దాకా

ఇంటి దగ్గర ఎన్నింటికి బయలుదేరాలి?

విమానం వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. స్వదేశీ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. కాబట్టి సామాను ఉంటే రెండు గంటల ముందు, చేతి సంచి మాత్రమే ఉండి వెబ్ చెకిన్, డిజియాత్ర (ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే యాప్) నమోదు పూర్తయి ఉంటే గంటన్నర ముందు టెర్మినల్ గుమ్మంలో ఉండాలి. విదేశీ ప్రయాణానికి మూడు గంటలు.

ఇక రోడ్డు. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద 30 నుంచి 45 నిమిషాలు. కూకట్‌పల్లి నుంచి ఔటర్ ఎక్కేదాకా పట్టే సమయమే అసలు లెక్క, మొత్తం గంటంబావు. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం చేరడం ఒక ఎత్తు. అక్కడ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. సిగ్నల్ లేకుండా పోతుంది. సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య అయితే గంటన్నర ఉంచుకోండి. ఎల్‌బీ నగర్ నుంచి 45 నిమిషాల నుంచి గంట. వాన పడితే అన్నిటికీ అరగంట కలపండి. మెట్రో ఎయిర్‌పోర్టు దాకా లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి కానీ వాటి మధ్య వ్యవధి చూసుకుని ఒక బస్సు ముందుగానే ఎక్కడం మంచిది.

రాహుకాలం, వర్జ్యం చూసుకునే ఇళ్లలో ఒక చిట్కా ఎప్పటి నుంచో ఉంది. మంచి గడియలోనే సామాను గడప దాటించి పక్కింట్లో పెట్టేయడం. కౌంటర్ మూసే వేళ మాత్రం పంచాంగం చూడదు.

విజయవాడకు విమానం ఎక్కితే నిజంగా సమయం కలిసొస్తుందా?

మీ ఇల్లు ఎటువైపు ఉందన్న దాన్ని బట్టి. ఎల్‌బీ నగర్ లేదా హయత్‌నగర్ అయితే ఇంటి నుంచి శంషాబాద్ గంట, అక్కడ గంటన్నర, విమానం గంట, సామాను 20 నిమిషాలు, గన్నవరం నుంచి ఊళ్లోకి 40 నిమిషాలు. మొత్తం నాలుగున్నర గంటలు. రోడ్డు మీద కారులో ఐదు గంటలు. అరగంట కోసం విమానం అనవసరం. గచ్చిబౌలి, నార్సింగి వైపు ఉంటే ఎయిర్‌పోర్టు దగ్గర, విజయవాడ రోడ్డు దూరం కాబట్టి విమానం నెగ్గుతుంది. విశాఖకు మాత్రం ఏ మూల నుంచి బయలుదేరినా విమానమే.

## ఎక్కిన తర్వాత

తలుపులు మూసి అరగంటయినా కదల్లేదు. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం అవతలి ఎయిర్‌పోర్టులో ఉంటుంది. ముంబైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా ఖండిస్తాయి. అందుకే ఒక వేళకు ఒకటే వాడతారు. అక్కడ రద్దీగా ఉంటే ఇక్కడే ఆపి, ఫలానా నిమిషానికి బయలుదేరమంటారు. గాల్లో చక్కర్లు కొడుతూ ఇంధనం కాల్చడం కంటే నేల మీద ఆగడమే నయం.

టేకాఫ్ తర్వాత ఢిల్లీ విమానం ఒకరోజు తూర్పుకు, ఒకరోజు పడమరకు ఎందుకు తిరుగుతుంది?

శంషాబాద్ రన్‌వేలు తూర్పు-పడమరలుగా ఉన్నాయి. వాటి అంకెలు 09, 27 అంటే 90, 270 డిగ్రీల దిక్కులు. విమానం ఎదురుగాలిలోకే లేవాలి, దిగాలి. నైరుతి రుతుపవనాల్లో పడమటి గాలి కాబట్టి ఎక్కువగా పడమరకు లేస్తుంది, గాలి మారితే తూర్పుకు. గమ్యం వేరే వైపు ఉంటే తిరిగి రావడానికి కొన్ని నిమిషాలు అదనం.

ఢిల్లీ దగ్గరికొచ్చాక గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఇంధనం అయిపోదా?

గమ్యానికి సరిపడా, అక్కడ దిగలేకపోతే మరో ఎయిర్‌పోర్టుకు పోవడానికి సరిపడా, ఆ పైన ఇంకో 30 నిమిషాలకు సరిపడా ఇంధనం వేసుకునే బయలుదేరతారు. ఆ హద్దు దగ్గరపడితే జైపూర్ లాంటి చోటికి మళ్లిస్తారు. డిసెంబర్ చివరి నుంచి జనవరి దాకా తెల్లవారుజామున ఢిల్లీలో పొగమంచు మామూలే. ఆ రోజుల్లో మధ్యాహ్నం విమానం ఎంచుకుంటే సగం బెంగ పోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే సాయంత్రాల్లో క్యుములోనింబస్ మేఘాలు (ఉరుములు, మెరుపులతో వాన కురిపించేవి) ఇదే పని చేస్తాయి. ఆ నెలల్లో పొద్దుటి విమానం నయం.

## ఆలస్యమైతే, రద్దయితే

ఎంత ఆలస్యమైతే ఏం అడగవచ్చు?

డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ) నిబంధనలు ఇక్కడ బ్లాక్ టైమ్‌నే కొలమానంగా తీసుకుంటాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు, అంటే హైదరాబాద్ నుంచి చాలా స్వదేశీ విమానాలకు, రెండు గంటలు ఆలస్యమైతే తిండి, పానీయాలు ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే మూడు గంటల ఆలస్యం తర్వాత. స్వదేశీ విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ఎంచుకోవచ్చు.

24 గంటల ముందు కూడా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం ఉంది. గంట లోపు ప్రయాణానికి రూ.5,000, రెండు గంటల లోపైతే రూ.7,500, ఆపైన రూ.10,000. మెలిక ఏంటంటే, ఈ మొత్తమో లేక మీ టికెట్‌లోని మూల ధర, ఇంధన చార్జీ కలిపినదో, ఏది తక్కువైతే అది ఇస్తారు. రూ.2,200 మూల ధరకు కొన్న టికెట్ మీద ఏడున్నర వేలు రావు. వాతావరణం, భద్రత లాంటి సంస్థ చేతిలో లేని కారణాలైతే పరిహారం అసలే ఉండదు. కాబట్టి కౌంటర్‌లో కారణాన్ని రాతపూర్వకంగా అడగండి, వచ్చిన మెసేజ్‌లు తీసేయకండి.

పది నిమిషాలు ఆలస్యమైనా సమయానికి వచ్చిందని ఎలా రాస్తారు?

నిర్ణీత వేళ నుంచి 15 నిమిషాల లోపు తేడాను లెక్కల్లో ఆలస్యంగా చూడరు.

## దిగాక

దిగే వేళకు మావాళ్లు కారు తెస్తామన్నారు. ఎన్నింటికి రమ్మనాలి?

టికెట్ మీద దిగే వేళకు స్వదేశీ ప్రయాణమైతే 30 నిమిషాలు, విదేశం నుంచి వస్తే ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ కలిపి గంటంబావు కలపండి. తెల్లవారుజామున గల్ఫ్ విమానాలు ఒకేసారి దిగుతాయి, అప్పుడు ఇంకాస్త. వచ్చేవాళ్లకు విమాన సంఖ్య ఇస్తే ఫోన్‌లో నేరుగా చూసుకుంటారు. ఊరి పేరు మాత్రమే చెబితే, దుబాయ్ నుంచి వచ్చే వేరే విమానం బోర్డు మీద దిగినట్టు చూపించగానే కంగారుపడి ఫోన్లు మొదలుపెడతారు.